వాల్డెన్ – లాఘవ విచారము

హెన్రీ డేవిడ్ థోరో రచించిన ‘వాల్డెన్’ అను గ్రంథము 1854వ సంవత్సరమునఁ బ్రకటితమైనది. సెల్ఫోనుల మ్రోఁతకును దెరల వెలుఁగునకును విసిగి, కొన్నాళ్లైనను వానిని విడిచి మెల్లగా బ్రదుకఁగోరువారికి నేఁడు ఈ గ్రంథము ప్రమాణముగాఁ జూపఁబడుచున్నది. ఇందు యంత్రనింద సిద్ధాంతమనియు, ఏకాంతవాసము ఫలమనియుఁ బెక్కండ్రు గ్రహించుచున్నారు. ఈ యర్థము గ్రంథమునకుఁ దగియున్నదా యనునది విచార్యము.

థోరో 1845 జూలై 4వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమున, కాంకర్డ్ గ్రామమునకు మైలున్నర దూరమునఁ గల వాల్డెన్ కొలను చెంతఁ జిన్నయింటఁ గాపురము పెట్టి, 1847 సెప్టెంబరు 6వ తేదీన దానిని విడిచెను. ఇంటికైన వ్యయము 28 డాలర్ల 12½ సెంట్లని పద్దు వ్రాసినాఁడు. రెండున్నర యెకరములలో ముఖ్యముగా బీన్సు పండింపఁగా ఖర్చులు పోను మొదటియేఁట 8 డాలర్ల 71½ సెంట్లు మిగిలెనని తెలిపినాఁడు. అతఁడు తఱచుగా ఊరికిఁ బోయివచ్చుచుండెను గాన ఆ యేకాంతము నటనయని కొందఱాక్షేపింతురు.

ఈ యాక్షేపము నిలువదు. తాను మనుష్యసంచారము లేని యడవిలో నుంటినని గ్రంథకర్త యెచటను జెప్పలేదు. అతిథులను గూర్చి యొక యధ్యాయమును, ఊరిని గూర్చి వేఱొక యధ్యాయమును వ్రాసియే యున్నాఁడు. రెండేండ్ల వాసమును గ్రంథమున నొక్క యేఁడుగాఁ గూర్చుటయు దోషము గాదు. ఆ సంగతిని దాఁచక తెలిపినాఁడు. ఆక్షేపింపఁదగినది పద్దు. ఆ నేల మిత్రుఁడగు ఎమర్సనుది. తాను దానికి యజమానుఁడు గానని థోరో చెప్పెనే కాని, మిత్రుని యనుగ్రహమునకు వెల కట్టలేదు. అరసెంటు దాఁక లెక్కించినవాఁడు నేల బాడుగను లెక్కింపకుండుట చిన్న లోపము గాదు. ఊరక నేల దొరకనివానికి ఆ లెక్క యన్వయింపదు.

ఇఁక యంత్రవిషయము. ఫిచ్‌బర్గ్ రైలుదారి కొలనునకుఁ జేరువగానే పోవుచుండెను. మేయిను, టెక్సాసు సీమల నడుమఁ దంతి వేయ నాతురపడువారు, ఆ సీమలు చెప్పుకొనవలసిన మాట యేదైనఁ గలదా యని విచారింపరని థోరో యెత్తిపొడిచెను. అయినను ‘ధ్వనులు’ అను నధ్యాయమున రైలుబండి వేళ తప్పకుండుటను, వర్తకుల సాహసమును మెచ్చెను. కొలనులోని మంచుగడ్డలను గోసి కొనిపోవుట చూచి, ఆ నీరు మదరాసు, బొంబాయి, కలకత్తా వాసుల దాహము తీర్చునని తలఁచి, తాను జదువుచున్న భగవద్గీతను స్మరించెను. తండ్రి పెన్సిళ్ల కార్ఖానాలో గ్రాఫైటు కలుపు పద్ధతిని బాగుపఱచినవాఁడును అతఁడే. ఇట్టివానిని యంత్రద్వేషి యనుట పొసఁగదు.

మఱి సిద్ధాంతమేమి? వ్యాకరణశాస్త్రమున లాఘవమను మాట కలదు. అర్ధమాత్ర తగ్గినను వైయాకరణులు పుత్రజన్మమునకువలె సంతసింతురని ప్రసిద్ధి. అయినను సూత్రము చిన్నదైనంతమాత్రమున లాఘవము కలుగదు. సాధింపవలసిన రూపములన్నియు సిద్ధింపవలెను. సిద్ధింపనిచో నది న్యూనత. అక్కఱకు మించినచో గౌరవము, అనఁగా బరువు. థోరో కోరినది లాఘవము. జీవనప్రయోజనమునకుఁ జాలినన్ని సాధనములుండవలెననియు, మిగిలినవి బరువనియు అతని మతము.

ఉపాయములు గ్రహింపఁబడియు విడువఁదగినవని భర్తృహరి వాక్యపదీయమునఁ జెప్పెను. థోరోకుఁ గొలనుగట్టు నిల్లును అట్టి యుపాయమే. బ్రదుకవలసిన జీవితములు తనకింకను గలవని తోఁచి దానిని విడిచితినని కడపటి యధ్యాయమునఁ దెలిపెను. తన యింటినుండి కొలనునకు వారముదినములలోనే కాలిబాట పడెనని యచటనే చెప్పినాఁడు. ఏకాంతమును అలవాటైనచోఁ గట్టుబాటే యగునని దీని తాత్పర్యము. ఏకాంతవాసమే ఫలమనువారికి ఈ ప్రకరణము బాధకము.

కావున, సెల్ఫోనును వారముదినములు పెట్టెలో దాఁచి పిదప యథాపూర్వముగా వర్తించువాఁడు సాధనమును విడిచెనే కాని ప్రయోజనమును విచారింపలేదు. కూలిపనికిఁ బిలుపు దానివలననే యందుకొనువాఁడు దానిని విడుచుట లాఘవము గాదు, న్యూనత. దానిని జేతనుంచుకొనియు, ఈ మాట యెవరికి, ఎందులకు అని ప్రతిదినమును ప్రశ్నించుకొనువాఁడు థోరో మతమునకుఁ జేరువవాఁడు. గ్రంథమును ఇట్లు చదివినచో, కొలను లేనివారికిని, ఊరక నేల నిచ్చు మిత్రుఁడు లేనివారికిని అది యుపయోగపడును.