బంగారు కురుల నీవ్: మోహినియా, సత్యవాదినియా?

ఐర్లండ్ బడులలో చదివే మన పిల్లలకు నీవ్, ఒషీన్ అనే పేర్లు కొత్తవి కావు. ఆ పేర్లు గల స్నేహితులు చాలామంది తరగతిలోనే ఉంటారు. తెలుగు చెవికి ‘నీవు’ అన్నట్టే వినిపించే ఆ మొదటి పేరుకు ఐరిష్ భాషలో ‘ప్రకాశం’ అని అర్థం. ఆ పేరు వెనుక ఉన్న కథానాయికను ఈ దేశపు కవులు శతాబ్దాలుగా చిత్రిస్తూ వచ్చారు. ఒకరి చేతిలో ఆమె ఇల్లాలు, మరొకరి చేతిలో విషాదమూర్తి, ఇంకొకచోట మనుషులను పనినుండి మళ్ళించే మాయావిని. మూలకథ ఆమెను నిజంగా మోహినిగా చూపిందా, లేక తరువాతివారు ఆ ముద్ర వేశారా అన్నది ఇక్కడ విచారించవలసిన విషయం.

ముందుగా కథ. ఫిన్ మక్ కూల్ అనే వీరనాయకుడు తన ఫియానా దళంతో కిల్లార్నీ సమీపాన లాక్ లేన్ సరస్సు ఒడ్డున వేటాడుతుండగా, పడమటి దిక్కునుండి తెల్లని గుర్రంపై ఒక రాకుమారి వస్తుంది. ఆమె టీర్ నా నోగ్ అనే నిత్యయౌవన భూమికి రాజైనవాని కుమార్తె. ఫిన్ కుమారుడైన ఒషీన్ కీర్తిని విని అతనిని వరించి వచ్చానని ఆమె చెబుతుంది. ఒషీన్ ఆమె వెంట సముద్రం దాటి వెళతాడు. అక్కడ మూడు వందల ఏళ్ళు గడిచిపోతాయి. తనవారిని ఒక్కసారి చూసి వస్తానని అతడు బయలుదేరినప్పుడు, గుర్రం దిగి నేలను తాకితే ఇక తిరిగి రాలేవని నీవ్ హెచ్చరిస్తుంది. డబ్లిన్ కొండలలోని గ్లెనస్మోల్ లోయలో, బండరాయిని ఎత్తలేక అవస్థపడుతున్న మనుషులకు సాయం చేయబోయి అతడు జారి నేలపై పడతాడు. మరుక్షణం చూపు లేని ముదుసలి అవుతాడు.

ఈ కథకు ప్రసిద్ధమైన రూపం 18వ శతాబ్ది మధ్యకాలంలో క్లేర్ కౌంటీకి చెందిన మీహాల్ కుమీన్ రచనగా చెప్పబడే ఐరిష్ గేయకథ. అందులోని నీవ్‌ను తెలుగు పాఠకుడు సులభంగా గుర్తుపడతాడు. గుణగణాలు విని ప్రేమించడాన్ని మన ఆలంకారికులు శ్రవణానురాగం అన్నారు. రుక్మిణి కృష్ణుని, దమయంతి నలుని వరించిన తీరు అదే. నీవ్ కూడా దాగి వల పన్నలేదు. వరుని తండ్రి ఎదుట, దళమంతా వింటుండగా, తన పేరు, కులం, కోరిక చెప్పింది. వీరుడైనవాడు కాదనలేని ఆన పెట్టిందన్నది నిజమే. కానీ ఆ ఆన కూడా బహిరంగంగానే పెట్టింది.

కుమీన్ కథలో అన్నిటికంటే విలువైనది ఆ కాపురం. టీర్ నా నోగ్‌లో వారికి పెళ్ళి విందు జరిగింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. కొడుకుల పేర్లు ఫిన్, ఆస్కర్. మొదటిది ఒషీన్ తండ్రి పేరు, రెండవది ఐర్లండ్‌లో అతడు విడిచి వచ్చిన కుమారుని పేరు. కూతురు ‘స్త్రీలలో పుష్పం’ అని అర్థమిచ్చే ప్లూర్ నా మాన్. మనుమడికి తాత పేరు పెట్టుకునే ఆచారం గల మనకు దీని అర్థం వివరించనక్కరలేదు. భర్త గతాన్ని తుడిచివేయదలచిన స్త్రీ ఇంటిలో ఆ పేర్లు వినిపించవు.

1889లో ఇరవై మూడేళ్ళ యువకవి డబ్ల్యూ.బి. యేట్స్ ఈ గాథను ‘ద వాండరింగ్స్ ఆఫ్ ఒషీన్’ అనే దీర్ఘకావ్యంగా మలిచాడు. ఒషీన్ తన కథను సెయింట్ పాట్రిక్‌కు చెప్పుకునే పాత సంవాద పద్ధతిని ఉంచాడు గాని, ఒక్క లోకాన్ని మూడు ద్వీపాలుగా విడదీశాడు. ఒకటి నృత్యానికి, ఒకటి పోరాటానికి, ఒకటి నిద్రకు. ఒక్కొక్క చోట నూరేళ్ళు. ఊహాశక్తిలో, నాదంలో ఇది కుమీన్ కథను మించిన రచన. అయితే ఈ ద్వీపాలలో పిల్లలు లేరు. ఇల్లు లేదు. నీవ్ ఒక ద్వీపంనుండి మరొకదానికి దారి చూపే దుఃఖసుందరిగా మిగిలింది. అతడు వెళ్ళిపోతానన్నప్పుడు ఆమె శోకం మన హృదయాన్ని తాకుతుంది. కానీ ఆమె ఏమి పోగొట్టుకుంటున్నదో కుమీన్ చూపినంత స్పష్టంగా యేట్స్ చూపడు. పిల్లల తల్లి విడిచిన కన్నీటికి ఉన్న బరువు ఇక్కడ తగ్గింది.

అదే కవి 1890లలో రాసిన ‘ద హోస్టింగ్ ఆఫ్ ద షీ’ అనే చిన్న కవితలో మార్పు పూర్తయింది. అక్కడ నీవ్ గాలిలో సాగే దివ్యగణంతో కలిసి మనుషులను పిలుస్తుంది. ఆ గణాన్ని చూసినవాడు తన పనికి, తన ఆశకు దూరమవుతాడు. ఒక్క పురుషుని పేరుపెట్టి వరించిన స్త్రీ ఇప్పుడు ఎవరినైనా పిలిచే స్వరమైంది. మోహిని అన్న ముద్ర ఆమెపై నిలిచినది ఇక్కడేనని నా అభిప్రాయం. కవితగా అది అద్భుతం. నీవ్ పట్ల అది న్యాయం కాదు.

మన సాహిత్యంలో ఇటువంటి అన్యాయం పొందిన నాయిక వరూధిని. 16వ శతాబ్దిలో అల్లసాని పెద్దన రచించిన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయానికి వెళతాడు. మంచుకు లేపం కరిగిపోయి దారి తెలియక నిలిచిపోతాడు. అక్కడ కనిపించిన అప్సరస వరూధిని అతనిని కోరుతుంది, వాదిస్తుంది, కన్నీరు పెడుతుంది. అతడు అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరతాడు. లోకం ఈ ఘట్టాన్ని నిగ్రహానికి, ప్రలోభానికి మధ్య పోటీగా చెప్పుకుంటుంది. కానీ పెద్దన అక్కడితో ఆగలేదు. ఆమె విరహాన్ని ఓపికగా వర్ణించాడు. ఆపై ఒక గంధర్వుడు ప్రవరుని రూపు దాల్చి ఆమెను మోసగిస్తాడు. ఈ కథలో మాయ చేసినవాడు గంధర్వుడు, మోసపోయినది వరూధిని. ఇంత స్పష్టంగా కవి చెప్పినా ‘వలపన్నిన అప్సరస’ అన్న మాటే నిలిచిపోయింది.

ఈ ఇద్దరు స్త్రీల పక్కన ఉన్న పురుషులిద్దరి మనసులోనూ ఉన్నది ఒకే కోరిక: ఇంటికి వెళ్ళాలి. ప్రవరునికి అది ఆ పూటే కలిగింది. అగ్నిహోత్రం వేళ దాటకముందే అతడు ఇల్లు చేరాలి. ఒషీన్‌కు అది ఆలస్యంగా కలిగింది. అతడు వెళ్ళేసరికి తండ్రి లేడు, దళం లేదు, కోటలు గడ్డి మొలిచి ఉన్నాయి. నీవ్ ముందే చెప్పిన మాట అదే: నీవు వెతికే ఐర్లండ్ ఇప్పుడు లేదు. కథ మొత్తంలో ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమైంది. అబద్ధమాడని స్త్రీని మాయావిని అనడం విమర్శకు నిలవదు.

సముద్రం దాటి వచ్చి ఈ నేలపై కాపురాలు పెట్టుకున్న మనకు ఈ కథ పరాయిది కాదు. దీనిని ‘వెళ్ళకూడని చోటికి వెళ్ళినవాని శిక్ష’గా పిల్లలకు చెబితే, వారు పుట్టి పెరిగిన ఈ దేశమే ఒక మాయాలోకమని, తమ తల్లిదండ్రులు అందులో చిక్కుకున్నారని చెప్పినట్లవుతుంది. పిల్లల పుస్తకాలలో సాధారణంగా కనిపించే బొమ్మ తెల్లని గుర్రం, ఎగిరే బంగారు జుట్టు, అలలు. ఆ బొమ్మను చూపుతూనే, కుమీన్ చెప్పిన ముగ్గురు పిల్లల సంగతి కూడా చెప్పాలి. ఇద్దరు మగపిల్లలకు తండ్రి విడిచి వచ్చిన దేశపు పేర్లు ఉన్నాయని, ఆ పేర్లు ఆ ఇంట రోజూ పలికేవారని చెప్పాలి.

పన్నెండేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటిలో యేట్స్ కావ్యంలోని ఒక ద్వీపాన్ని, పెద్దన కావ్యంలోని వరూధినీ ప్రవర సమాగమాన్ని సరళ తాత్పర్యంతో ఒకే వారంలో చదివి చూడవచ్చు. చదివాక పిల్లలను ఒక్క ప్రశ్న అడగాలి: ఈ కథలో అబద్ధమాడినది ఎవరు? రెండు కథలలోనూ జవాబు వెతుకుతూ వారు ఆ స్త్రీల మాటలను మళ్ళీ చదువుతారు. నీవ్‌కు, వరూధినికి ఇంతకాలం దక్కనిది అలా శ్రద్ధగా చదివే పాఠకులే.