ఒక్క రేఖ, పదేళ్ల వివాదం

విశ్వంలోని పదార్థంలో దాదాపు ఆరింట అయిదు వంతులు కంటికి కనిపించని కృష్ణ పదార్థమేనని మీరు చదివే ఉంటారు. అది దేనితో తయారైంది? జవాబు దొరికిపోయిందన్న ధోరణిలో 2014లో చాలా వ్యాసాలు వెలువడ్డాయి. వాటిని ఇప్పుడు తిరిగి పరిశీలిద్దాం.

ఎస్రా బుల్బుల్ బృందం ఎక్స్‌ఎంఎం-న్యూటన్ ఉపగ్రహం సేకరించిన 73 గెలాక్సీ గుంపుల ఎక్స్-కిరణ వర్ణపటాలను కలిపి చూసింది. 3.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక బలహీనమైన రేఖ కనిపించింది. అలెక్సీ బోయార్‌స్కీ బృందానికి ఆండ్రోమెడా గెలాక్సీలోనూ అలాంటిదే కనిపించింది.

దీనికి స్టెరైల్ న్యూట్రినోను కారణంగా చూపారు. మామూలు న్యూట్రినోలు దుర్బల బలానికి లోబడతాయి. ఈ ఊహాకణానికి అదీ వర్తించదు, అందుకే ఆ పేరు. 'వంధ్య' అని అనువదిస్తే అర్థం చెడుతుంది. ఇది బహు అరుదుగా విచ్ఛిన్నమై ఒక మామూలు న్యూట్రినోను, ఒక ఫోటాన్‌ను ఇస్తుంది. శక్తిని రెండూ చెరిసగం పంచుకుంటాయి. రేఖ 3.5 దగ్గర ఉంటే కణం ద్రవ్యరాశి 7 అన్నమాట!

లెక్క కుదిరింది. కానీ లెక్క కుదరడం వేరు, రుజువు కావడం వేరు. గెలాక్సీ గుంపుల్లోని వేడి వాయువులో ఉండే పొటాషియం అయాన్లు కూడా ఇంచుమించు అదే శక్తి వద్ద కిరణాలు వెలువరిస్తాయి. వాటిని విడదీసి చూపేంత సూక్ష్మత ఆ ఉపగ్రహ పరికరాలకు లేదు. పరిశోధకులు తమ పత్రం శీర్షికలోనే దాన్ని గుర్తు తెలియని రేఖగా పేర్కొన్నారు. ఆ జాగ్రత్తను గాలికి వదిలేసింది మావంటి రచయితలే.

తర్వాత ఏమైంది? 2016లో జపాన్ ఉపగ్రహం హితోమి, కొద్ది వారాలకే మూగబోయినా, అంతలోనే పెర్సియస్ గుంపును ఎంతో సూక్ష్మంగా చూసింది. అంతకుముందు అక్కడ చెప్పినంత బలమైన రేఖ దానికి కనిపించలేదు. మన పాలపుంత చుట్టూ కూడా కృష్ణ పదార్థం ఉంది కదా! 2020లో డెసర్ట్, రాడ్, సాఫ్డీలు దాదాపు ఏడాది పొడవునకు సమానమైన పరిశీలనలను గాలించినా ఆ రేఖ దొరకలేదు. నేపథ్య కాంతిని లెక్కకట్టిన తీరు సరికాదని బోయార్‌స్కీ తదితరులు ఆక్షేపించారు. 2024లో వెలువడిన మరో పత్రం, పాత దత్తాంశాన్నే మళ్లీ విశ్లేషించి, అసలు రేఖ ఉందా అన్న సందేహాన్నే లేవనెత్తింది.

అంతమాత్రాన స్టెరైల్ న్యూట్రినో లేదని తేలిపోలేదు. అది దాగి ఉండగల చోటు ఇరుకైంది, అంతే. ఇకమీద "కనుగొన్నారు" అన్న వార్త చదివినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇదే ఫలితం మరో పరికరానికి వచ్చిందా? మామూలు కారణాలన్నీ తొలగించారా? ఈ ప్రశ్నలకు జవాబివ్వని వ్యాసాన్ని, అది నేను రాసినదైనా సరే, నమ్మకండి.