బూజు ఆవిరి - నాడీకణములు

తడిసిన గోడలకు పట్టిన బూజు మనుష్యుని నాడీకణములను చంపునా? తొందరపడి ‘అవును’ అనువారు ఒక ప్రయోగమును ఆధారముగా చూపుదురు. దానిని పరిశీలింతము.

2005లో కత్రినా తుపాను అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమును ముంచివేసినది. శిలీంధ్ర శాస్త్రజ్ఞురాలు జోన్ బెన్నెట్ ఇల్లు కూడ బూజు పట్టినది. అచట నమూనాలు సేకరించునపుడు ఆమెకు తలనొప్పి, తలతిరుగుడు కలిగినవి. బూజు విడుచు ఆవిరులే కారణమేమో అని ఆమెయు, ఆరతి ఇనాందార్ మొదలగు సహచరులును పరిశోధించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. ‘1-ఆక్టెన్-3-ఆల్’ అను ఆవిరి సోకిన పండ్ల ఈగలలో డోపమిన్ తగ్గినది; దానిని తయారుచేయు నాడీకణములు క్షీణించినవి. పార్కిన్సన్ వ్యాధిలో మన మెదడున నశించునవి ఈ తరగతి కణములే.

ప్రయోగము మెచ్చదగినదే. కాని ఈగ నుండి మనుష్యునికి ఒక్క గంతున పోరాదు. ఈ పదార్థమే మనము తినే పుట్టగొడుగులకు వాసన నిచ్చుచున్నది. మన చెమటలోను స్వల్పముగా ఉన్నది. కనుక పదార్థము పేరు చెప్పిన చాలదు. ఎంత మోతాదు, ఎంత కాలము అన్నది తేలవలెను. ప్రయోగశాలలో ఈగకు సోకినదానిని, ఇంటిలో మనము పీల్చుదానిని కొలిచి పోల్చనిదే తీర్పు చెప్పరాదు.

అట్లని బూజును ఉపేక్షింపరాదు. తేమ ఇండ్లకును ఉబ్బసమునకును గల సంబంధమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే గుర్తించినది. కారుచున్న పైకప్పును బాగుచేయించుటకు ఆ కారణమే చాలును. రుజువు కాని దానిని చెప్పి భయపెట్ట నక్కరలేదు. అనుమానమునకును రుజువునకును గల ఈ భేదమును విద్యార్థులకు తెలుపుటకు ఇంతకంటె మంచి పాఠము దొరకదు.