వార్నర్ ఎత్తులు, కార్లైల్ కుర్రాళ్ల కాళ్లు

అమెరికన్ ఫుట్‌బాల్ అంటే పహిల్వాన్లు ఢీకొట్టుకునే మోటు ఆట అని తీసిపారేసేవాళ్లకు ఒక్క పేరు చెబుతాను: పాప్ వార్నర్. 1871లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, కార్నెల్‌లో లా చదివాడు, కొన్నాళ్లు ప్లీడరీ కూడా వెలగబెట్టాడంటారు. అదంతా అలా ఉంచండి. 1899లో పెన్సిల్వేనియాలో అమెరికా ఆదివాసీ పిల్లలు చదివే కార్లైల్ ఇండియన్ స్కూలుకు కోచ్‌గా వెళ్లాకే అసలు కథ.

అప్పట్లో ఈ ఆటలో మంద బలానిదే రాజ్యం. మైదానంలో కుర్రాళ్లు చచ్చిపోతుంటే 1905లో అధ్యక్షుడు రూజ్‌వెల్టే పెద్ద కాలేజీల వాళ్లను పిలిపించి మాట్లాడాల్సి వచ్చింది. కార్లైల్ పిల్లలా, బక్కవాళ్లు. బరువుతో నెగ్గలేరు. కాబట్టి కళ్లుగప్పి నెగ్గాలి.

1903లో హార్వర్డ్‌కు చేసిన మర్యాద చూడండి! చార్లీ డిల్లన్ జెర్సీకి ముందే ఎలాస్టిక్ కుట్టించి ఉంచారు. రెండో సగం మొదట్లో వచ్చిన బంతిని జిమ్మీ జాన్సన్ పట్టగానే అందరూ చుట్టూ మూగారు. ఆ మూకలో బంతి డిల్లన్ వీపు మీద, జెర్సీ లోపలికి దూరింది. గుంపు విడిపోయి తలో దిక్కూ పరుగు తీసింది. బంతి ఎవరి దగ్గరుందో హార్వర్డ్ వాళ్లు వెతుక్కుంటుండగానే డిల్లన్ ఖాళీ చేతులు ఊపుకుంటూ గీత దాటేశాడు. ఆఖరికి 12-11తో హార్వర్డే గెలిచింది. గెలిస్తే గెలవనీ, ఆ స్కోరు ఎవరికి కావాలి?

అయితే నన్నడిగితే వార్నర్ పనితనం ఈ గారడీలో కాదు, ‘సింగిల్ వింగ్’ అమరికలో ఉంది. ముందు వరుసలో ఒక పక్కన మనుషుల్ని ఎక్కువగా నిలబెడతాడు. ఆ కొసన, కాస్త వెనగ్గా, వింగ్‌బ్యాక్. బంతి సెంటర్ కాళ్ల మధ్యనుంచి నేరుగా వెనకున్న టెయిల్‌బ్యాక్ చేతికి వస్తుంది. అదే క్షణంలో గార్డులు తమ చోటు వదిలి పక్కకు ఉరికి దారి చేస్తారు. టెయిల్‌బ్యాక్ పరుగెత్తవచ్చు, విసరవచ్చు, తన్నవచ్చు. ఎదురొచ్చే వింగ్‌బ్యాక్‌కు చాటుగా అందించి, ఉత్త చేతులతోనే పరుగు నటించవచ్చు. ఒకడు ఒక్క అడుగు తడబడ్డా గుట్టు రట్టు.

1906లో బంతిని ముందుకు విసిరే పాస్‌ను అనుమతించారు. పెద్ద కాలేజీలు దాన్ని చిన్నచూపు చూశాయి. 1907లో కార్లైల్ దాంతోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాన్ని 26-6తో చితక్కొట్టింది. అదే ఏడాది షికాగో మీద ఆల్బర్ట్ ఎగ్జెండైన్ గీత బయటికి పోయి, అవతలి జట్టు బెంచీ వెనకనుంచి చుట్టి మళ్లీ లోపలికొచ్చి పీట్ హౌసర్ విసిరిన బంతిని అందుకున్నాడు! 1912లో వెస్ట్ పాయింట్ సైనికులను 27-6తో ఓడించిన రోజున అవతలి జట్టులో తర్వాతి కాలపు అధ్యక్షుడు ఐజన్‌హోవర్ ఉన్నాడు, ఇవతల జిమ్ థోర్ప్ ఉన్నాడు.

వార్నర్ అభిమానినే గానీ, తగవులో నేను కుర్రాళ్ల పక్షం. 1913లో డబ్బు తీసుకుని ఆడాడంటూ థోర్ప్ దగ్గర్నుంచి ఒలింపిక్ పతకాలు లాక్కున్నప్పుడు ఈ పెద్దమనిషి తనకేమీ తెలియదని తప్పుకున్నాడు. 1914లో గస్ వెల్చ్ లాంటి ఆటగాళ్లే కాంగ్రెస్ విచారణలో ఆయన మీద సాక్ష్యం చెప్పారు. ఆయన పిట్స్‌బర్గ్‌కు, అక్కణ్ణుంచి స్టాన్‌ఫర్డ్‌కు పోయి ఇంకా పేరు తెచ్చుకున్నాడు. కార్లైల్ 1918లో మూతపడింది.

ఇక ఇప్పటి సంగతి! 2008లో మయామీ డాల్ఫిన్స్ ‘వైల్డ్‌క్యాట్’ అంటూ నేరుగా వెనక్కి బంతి అందిస్తే అదేదో వింత కనిపెట్టినట్టు ఊగిపోయారు. అది సింగిల్ వింగ్ తునక. గార్డుల ఉరుకుడూ చేతి చాటూ ఏళ్ల తరబడి సాధన చేస్తేనే వస్తాయి; నాలుగు రోజులు మెరిపించి వదిలేస్తే అది నకలే. 2024 నుంచి కాలేజీ ఆటగాళ్ల హెల్మెట్లలోకీ రేడియో దూర్చారు, ఎత్తంతా కోచ్ నోటి నుంచే. చెవిలో చెబితే ఎగ్జెండైన్ బెంచీ వెనకనుంచి వచ్చేవాడా? వార్నర్ పేరు మీద దేశమంతా పిల్లల లీగులు నడుపుతున్న పెద్దలారా, ఆ పిల్లలకు సింగిల్ వింగ్ నేర్పేటప్పుడైనా డిల్లన్, ఎగ్జెండైన్, హౌసర్, వెల్చ్ ఎవరో చెప్పండయ్యా.