ఫెజ్ నగరమును జూడబోవువారికి రెండు గ్రంథములు

దూరదేశయాత్రకు బయలుదేఱువారు ఖర్చులను, బసలను ముందుగా విచారించుకొందురు. అది యుక్తమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశీయాత్ర చేసి, దారిలోని మజిలీలను, వసతులను వ్రాసిపెట్టి తరువాతివారికి మేలు చేసిరి. అయితే బస యెచ్చటనో తెలిసినంతమాత్రమున ఊరు తెలియదు. పోవుటకు ముందు చదువుకొన్న గ్రంథమునుబట్టి యాత్రికుని చూపు మాఱుచుండును. మొరాకో దేశమందలి ఫెజ్ నగరమునుగూర్చి ఇద్దఱు స్త్రీలు ఇంగ్లీషున వ్రాసిన రెండు గ్రంథములను ఈ దృష్టితో విమర్శింప దలచితిమి.

ఫెజ్ క్రీస్తుశకము 8వ శతాబ్దాంతమున బుట్టిన పట్టణము. పాతయూరి సందులలో మోటారు పోజాలదు. సరకులు నేటికిని గాడిదలమీదను, కంచరగాడిదలమీదను సాగుచున్నవి. వెనుకనుండి "బాలక్" అను కేక వినబడిన తోడనే గోడ కొదిగి నిలువవలయును. శుక్రవారమున అంగళ్లు చాలవఱకు మూసియుండును. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ యను వనిత స్థాపించెనని సంప్రదాయము చెప్పు ఖరవీయీన్ మసీదులోనికి ముస్లిములు గానివారికి ప్రవేశము లేదు. బూ ఇనానియా మదరసాను మాత్రము లోనికి బోయి చూడవచ్చును. ఇండ్లు వీధివైపునకు వట్టి గోడలు; సొగసంతయు లోపలి మండువాలోనే యుండును. అట్టి పాతయిండ్లు పెక్కులు నేడు యాత్రికుల బసలైనవి. అచట దిగినవాడు రంగుపెంకుల పనితనమును మెచ్చుకొనును. ఆ మండువాలో నెవరెట్లు బ్రదికిరని యడుగువాడు అరుదు.

అమెరికా నవలాకర్త్రి ఈడిత్ వార్టన్ 1917లో ఫ్రెంచి పాలకుడగు లియోటే సేనాని ప్రాపున మొరాకోను జూచి, 1920లో "ఇన్ మొరాకో" యను గ్రంథమును ప్రకటించెను. కట్టడముల వర్ణనలో ఆమెకు సాటి వచ్చువారు కొందఱే. ఆమె సైనికుల మోటారులో తిరిగినది. యుద్ధకాలమగుటచే పెట్రోలు పొదుపునకై ఒకచోటికి రెండవమాఱు పోవుట తఱచుగా సాధ్యపడలేదని పీఠికలో తానే చెప్పుకొన్నది. గోడల విషయమున నీ లోపము క్షమింపదగినదే. అంతఃపుర స్త్రీల విషయమున మాత్రము క్షమింపరానిది. ఒక్కపూట దర్శనముతో, దుబాసీల సాయముతో వారిని జూచి, నిస్తేజులని, జీవితమున ఆసక్తి లేనివారని తీర్పు చెప్పినది. పరాయిదాని యెదుట, దొరతనమువారి యతిథి యెదుట, వారు మనసు విప్పి మాటలాడరని ఆమెకు దోచినట్లు లేదు. మౌనమును శూన్యమని భ్రమించినది. ఆపై లియోటే పాలనను శ్లాఘించుటకు ఒక ప్రకరణమునే కేటాయించినది.

ఫాతిమా మెర్నిస్సీ 1940లో ఆ ఫెజ్ నగరముననే, అట్టి గోడల లోపలనే పుట్టి, సామాజికశాస్త్ర పండితురాలై, 2015లో గతించినది. ఆమె "డ్రీమ్స్ ఆఫ్ ట్రెస్‌పాస్" 1994లో వెలువడినది. అందలి యింట గడప దాటుటకు స్త్రీలకు స్వేచ్ఛ లేదు, ద్వారపాలకుడు కాచియుండును. రేడియో బీరువా తాళపుచెవులు పురుషులయొద్ద నుండును. వారు వెలికి బోయినపుడు స్త్రీలు రహస్యముగా సంపాదించిన తాళపుచెవితో దానిని తెఱచి కైరో సంగీతము విందురు. పిల్లలు అమాయకముగా నిజము చెప్పగా ఇల్లంతయు విచారణ సాగును. డాబాపైన షామా యను యువతి గాయని అస్మహాన్ కథను, ఈజిప్టు స్త్రీవాదినుల చరిత్రలను నాటకములుగా ఆడించును. వార్టన్ నిస్తేజమని చూచినచోట ఎంత హాస్యము, ఎంత తర్కము, ఎంత కుట్ర!

ఈ గ్రంథమునను లోపము కలదు. బాలిక నోట కొన్నియెడల విదుషి మాటలు పలుకును. ఇది కథారూపమున దీర్చిన రచన గాని, దినచర్య గాదు. అయినను ఘోషాను ఇందు అందముగా జూపలేదు. గోడ గోడగనే యున్నది, దాని వెనుకనున్నవారు మాత్రము మనుష్యులుగా నున్నారు.

సంస్కారాభిమానులమగు మన కిది పరాయివారి గొడవ గాదు. ఘోషా స్త్రీని జూచి జాలిపడుట మనకు అలవాటు. ఆమెను అడిగి తెలిసికొనుట అలవాటు గాదు. అడుగక చేసిన సంస్కరణము పాలకుని దయవంటిదే, పుచ్చుకొన్నవారిని చిన్నబుచ్చును.

కావున ఫెజ్ యాత్ర తలపెట్టిన చదువరులు మెర్నిస్సీని ముందును, వార్టన్‌ను వెనుకను జదువుదురుగాక. వార్టన్ కట్టడములను చూపగలదు. ఆ కట్టడములలో నెవరి యూపిరి తిరిగినదో మొదట తెలిసికొనినవారికే ఆ చూపు ఉపకరించును.