అయ్యగారూ, మీరెట్లున్నారు?

ఆసుపత్రి వార్డులో ప్రార్థన చేయడం కూడా నేర్చుకోవలసిన పనే. వేదాంత కళాశాలలో చదివే కుర్రవాళ్లు ప్రాక్టికల్స్ కోసం మా ఉప్పల్, నాచారం, కీసర వైపు సంఘాలకు వస్తుంటారు. వాళ్లను వెంటబెట్టుకుని రోగుల దగ్గరికి వెళ్లేటప్పుడు నేను చెప్పేవి చాలా చిన్న సంగతులు. మంచం మీద కూర్చోవద్దు, స్టూలు దగ్గరికి జరుపుకో. డాక్టరు రౌండ్స్‌లో ఉంటే బయట ఆగు. నీ గొంతు పక్క మంచం దాకా పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దేనికోసం ప్రార్థన చేయమంటారో ఆ మనిషినే అడుగు.

ఒకసారి నాచారం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన దగ్గర ఒక విద్యార్థి అలాగే అడిగాడు. "నా గుండె సంగతి డాక్టర్లు చూస్తున్నరు అయ్యగారూ. ఇంటికాడ బిడ్డ ఒక్కతే ఉన్నది, దాని కోసం చెయ్యండి" అన్నాడాయన. కుర్రవాడు అప్పటికే స్వస్థత గురించిన వాక్యాలు వెతికి, బైబిల్లో కాగితం ముక్కలు పెట్టుకుని వచ్చాడు. ఒక్క క్షణం తటపటాయించి బైబిలు మూశాడు. ఆ బిడ్డ పేరేమిటని అడిగాడు. మంచి పాస్టర్ తయారవుతున్నాడని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

కళాశాలలో ఇవేవీ చెప్పరని కాదు. కౌన్సెలింగ్, సంఘ పరిచర్య పాఠాలు సిలబస్‌లో ఉన్నాయి. వాటితోపాటు హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం. వేదాంత పట్టాలిచ్చే సెరంపూర్ కాలేజీ సెనేట్ పెట్టే పరీక్షలు తేలికైనవేమీ కావు. 1818లో మొదలైన సెరంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు చార్టర్ ఇచ్చాడు. మన దేశంలో ఎన్నో వేదాంత కళాశాలల పట్టాలకు నేటికీ ఆధారం అదే.

మన తెలుగు నేల మీద బాప్టిస్టులు 1870ల్లోనే రామాయపట్నంలో సెమినరీ పెట్టుకున్నారు. లూథరన్లకు రాజమండ్రిలో లూథర్‌గిరి ఉండేది. ఎవరి పాస్టర్లను వాళ్లు విడివిడిగా తయారుచేసుకున్న కాలమది. 1964లో రాజమండ్రిలో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ మొదలయ్యాక లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సీఎస్ఐ విద్యార్థులు ఒకే చోట చదవసాగారు. ఆ కళాశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చి లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్థిరపడింది. ఆ చదువులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది హాస్టల్ జీవితం. పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వవచ్చా అని అర్ధరాత్రి దాకా వాదించుకున్న ఇద్దరు తెల్లారి ఒకే చాపెల్‌లో పక్కపక్కన కూర్చుంటారు. కొట్లాడటానికీ, అనుమానాలు విప్పి చెప్పుకోవడానికీ, ఏడవడానికీ ఒక మనిషి ఉంటాడు.

పట్టా చేతికొచ్చిన రోజుతో ఆ తోడు తెగిపోతుంది. మొదటి పోస్టింగులో అడుగుపెట్టగానే అందరూ పాస్టర్‌కు చెప్పుకునేవాళ్లే. ఆయన చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. కమిటీ సెక్రటరీకి చెబితే మర్నాటికి సంఘమంతా పాకుతుంది. పైఅధికారులకు చెబితే తర్వాతి ట్రాన్స్‌ఫర్ మీద దాని నీడ పడుతుందేమోనని భయం. పాస్టర్లను పోగొట్టుకుంటున్న చోటు ఇదేనని నా నమ్మకం.

ఉప్పల్ పక్కనే రామంతాపూర్‌లో కథోలికుల గురువిద్యాలయం ఉంది, సెయింట్ జాన్స్ రీజనల్ సెమినరీ. గురువుల శిక్షణ గురించి రెండో జాన్ పాల్ పోపు 1992లో ఒక లేఖ రాశారు. ఆధ్యాత్మికత, చదువు, పరిచర్యలతోపాటు మనిషిగా ఎదగడాన్నీ శిక్షణలో ఒక భాగంగా పెట్టి, మిగతా వాటికి పునాది అదేనన్నారు. అభిషేకంతో శిక్షణ ముగియదనీ, బతికున్నంత కాలం సాగాలనీ చెప్పారు. మాట వేరు, ఆచరణ వేరు కావచ్చు. అయినా అలా రాసి పెట్టుకోవడమే గొప్ప. ప్రొటెస్టెంట్లం ఈ విషయంలో వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

అసలు మన ఇంట్లోనే ఇంతకంటే పాత ఉదాహరణ ఉంది. తిరునెల్వేలి నుంచి మిషనరీగా వచ్చిన తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్ చేరాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. దోర్నకల్ శిక్షణ పద్ధతిలో నన్ను ఆకట్టుకునేది ఒకటుంది. చదువుకోవడానికి వచ్చిన మగవాళ్లతోపాటు వాళ్ల భార్యలకూ అక్కడ చదువు చెప్పారు. ఆ పనిలో అజరయ్య భార్య అన్బు ముందున్నారు. పల్లెలో కాపురం పెట్టబోయేది ఇద్దరైనప్పుడు ఒక్కరికే నేర్పితే సరిపోదని వాళ్లు ఎరుగుదురు. పల్లె జనాన్ని పీడించే దయ్యాలు నాలుగని అజరయ్య చెప్పేవాడట: మురికి, జబ్బు, అప్పు, తాగుడు.

ఆ నాలుగింట్లో అప్పు ఇవాళ పాస్టర్ ఇంట్లోనే కూర్చుంది. ఈసీఐఎల్ దాటి నాగారం, రాంపల్లి మీదుగా కీసర వైపు పోతే కొత్త కాలనీల్లో రేకుల షెడ్లలో, అద్దె షటర్లలో సంఘాలు కనిపిస్తాయి. వారమంతా ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి, శనివారం రాత్రి వాక్యం సిద్ధపరచుకునే పాస్టర్లు నాకు తెలుసు. కానుకల్లోంచి షెడ్డు అద్దె, కరెంటు బిల్లు పోను మిగిలిందే జీతం. పెద్ద మిషన్ల పాస్టర్లకు క్వార్టర్స్ ఉంటాయి నిజమే. రిటైరైన రోజున ఖాళీ చేయవలసిన ఇల్లే అది. జీవితమంతా ఊరూరా తిరిగి, ముసలితనంలో అద్దె ఇల్లు వెతుక్కునే పాస్టర్‌ను చూస్తే నా మనసు కుతకుతలాడుతుంది. సంఘం మైకు సెట్టు మార్చింది, స్టేజీకి లైట్లు పెట్టింది. అయ్యగారి పేర నెలనెలా నాలుగు రూపాయలు దాచాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇక పాస్టరమ్మ గారు. ఆదివారం బడి ఆమెదే, స్త్రీల కూడిక ఆమెదే. వేళాపాళా లేకుండా వచ్చేవాళ్లకు టీ పెట్టేదీ ఆమే. కట్టుకున్న చీర మీద కూడా వ్యాఖ్యానం వినాలి. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు. ఆమె అలసటకు లెక్క లేదు.

అలిసిపోయిన సేవకుడితో ఎలా మెలగాలో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. కర్మెలు మీద అంత ఘనవిజయం చూసిన ఏలీయా, యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, అరణ్యంలో చెట్టు కింద చావు కోరుకుంటాడు. అప్పుడు దేవదూత ఆయన విశ్వాసాన్ని ప్రశ్నించడు. నిప్పుల మీద కాలిన రొట్టె, నీళ్లు పెడతాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిస్తాడు. రెండోసారి లేపి మళ్లీ తినమంటాడు. ప్రయాణం, సంభాషణ, కొత్త పని అన్నీ ఆ తర్వాతే. నీరసపడిన పాస్టర్‌తో ఇంకా ఎక్కువ ప్రార్థించమని చెప్పడం మన అలవాటు. ఈ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం గానీ, మన అయ్యగారికి దీన్ని వర్తింపజేసినవాళ్లు తక్కువ.

మా వైపు కొంతమంది పాస్టర్లం నెలకో సోమవారం కలుస్తున్నాం. ఒకరి ఇంట్లో, చాప మీద. ప్రసంగం లేదు, ఫొటోలు లేవు. ఒకరు ఆ నెలలో జరిగినదొకటి చెబుతారు. తాము ఆదరించలేకపోయిన మరణం కావచ్చు, సంఘంలో తగాదా కావచ్చు, కట్టలేకపోయిన పిల్లల ఫీజు కావచ్చు. అడిగితేనే సలహా చెప్పాలి, విన్నది గడప దాటకూడదు. మొదట్లో అందరూ సంఘం ఎదుగుదల గురించే మాట్లాడారు. తర్వాత ఒక నడివయసు పాస్టర్, కొన్నాళ్లుగా తనకు ప్రార్థనలో మాట రావడం లేదని చెప్పాడు. ఎవరూ వాక్యం అందించలేదు. పక్కనున్నాయన, తనకూ ఒకప్పుడు ఏడాది పాటు అలాగే ఉండేదని చెప్పి, ఆ రోజుల్లో ఏం చేశాడో నిదానంగా వివరించాడు. వేదాంత విద్యలో ఇదీ ఒక తరగతేనని అంటాను. చివరి సంవత్సరం విద్యార్థులను కూడా కూర్చోబెడుతున్నది అందుకే. తాను మోసే బరువు చెప్పుకోవడం నేర్చుకున్నవాడే ఇతరుల బరువును తొందరపడకుండా వినగలడు.

వచ్చే నెల నుంచి పాస్టరమ్మలను కూడా పిలవాలని అనుకున్నాం. వాళ్లకు వేరే గది, వేరే మాటలు, వాళ్లలో వాళ్లే. ఆ పూట వంట, పిల్లలు మా బాధ్యత. ఎవరు వండాలో ఇంకా తేలలేదు.