నిద్రకు లావెండర్: మేలెంత, హద్దెక్కడ

లావెండర్ మధ్యధరా ప్రాంతపు కొండ వాలుల్లో పెరిగే మొక్క. తులసి, పుదీనా, మరువం దీని కుటుంబమే. పూగుత్తులను ఆవిరి పట్టించి తీసే తైలాన్ని గుబులు తగ్గడానికి, కునుకు పట్టడానికి ఐరోపాలో తరతరాలుగా వాడుతున్నారు. జడలో మరువం, దవనం ముడుచుకునే తెలుగువారికి వాసనతో మనసు తేలికపడటం కొత్త సంగతేమీ కాదు. బెంగళూరులో ఇప్పుడు లావెండర్ దిండు మీద చల్లే స్ప్రేగా, డిఫ్యూజర్‌లో వేసే తైలంగా, అగరుబత్తీగా, కుండీలో మొక్కగా దొరుకుతోంది. రాత్రి షిఫ్టులు, గంటల తరబడి ట్రాఫిక్, పడక మీదికీ వచ్చే ఆఫీసు ఫోన్లు ఉన్న నగరంలో దానికి ఆదరణ పెరగడం సహజం. అది ఏ మేరకు పనిచేస్తుందో తెలిసి వాడుకుంటేనే మేలు.

ఈ తైలంలో ముఖ్యమైన పదార్థాలు రెండు: లినలూల్, లినలైల్ ఎసిటేట్. వీటిలో లినలూల్ మన వంటింట్లోనూ ఉంది. ధనియాల నుంచి తీసే తైలంలో సగానికి పైగా అదే. పీల్చిన వాసన తాలూకు సంకేతం భయాన్నీ జ్ఞాపకాన్నీ నడిపించే మెదడు భాగాలకు సూటిగా చేరుతుంది. 2018లో జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు చిట్టెలుకలకు లినలూల్ వాసన చూపించగా వాటి బెదురు తగ్గింది. వాసన పసిగట్టలేని చిట్టెలుకల్లో ఆ మార్పు కనిపించలేదు. మెదడులో కొన్ని నిద్రమాత్రలు పనిచేసే చోట్లయిన గాబా గ్రాహకాలను మందుతో అడ్డుకున్నప్పుడూ కనిపించలేదు. అంటే లినలూల్ వాసన ముక్కు ద్వారానే మెదడు మీద పనిచేస్తోందన్నమాట.

మనుషుల విషయంలో బలమైన ఆధారాలు వాసన కన్నా గుళికకే ఎక్కువ. జర్మనీలో రూపొందిన సైలెక్సాన్ అనే శుద్ధి చేసిన లావెండర్ తైలాన్ని 80 మిల్లీగ్రాముల గుళికగా ఇస్తారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో ఎడతెగని ఆందోళన ఉన్న 77 మందికి 6 వారాలు దీన్నిగానీ ఆందోళన తగ్గించే లోరాజెపామ్ అనే మందును తక్కువ మోతాదులోగానీ ఇచ్చారు. రెండు జట్లలోనూ ఆందోళన దాదాపు సమానంగా తగ్గింది. 2014లో 539 మందితో 10 వారాలు సాగిన పరిశీలనలోనూ ఉత్తుత్తి మాత్ర కన్నా ఇది మెరుగనిపించుకుంది. అయితే ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగానికి డబ్బు పెట్టింది తయారీ సంస్థే. వాసన పీల్చి నిద్రపోవడం మీద జరిగినవి చాలావరకు చిన్నవి, కొద్ది రోజులవి. పైగా లావెండర్ వాసనను పోల్చుకోలేనివారు తక్కువ కాబట్టి, ఎవరికి అసలుది ఇచ్చారో ఎవరికి ఉత్తుత్తిది ఇచ్చారో దాచడం కష్టం.

కొనేటప్పుడు సీసా మీద లావెండులా అంగుస్టిఫోలియా అన్న పేరు ఉందో లేదో చూడాలి. లావెండిన్ అనే సంకర మొక్క తైలం చవకే గానీ అందులో కర్పూరం శాతం ఎక్కువ. నిద్రకు అది సరిపడదు. లావెండర్ పరిమళం అని మాత్రమే రాసి ఉంటే అది చాలావరకు కృత్రిమ సువాసనే. అసలైన తైలం కోసం ఫ్రాన్స్ వైపే చూడనక్కరలేదు. జమ్మూ ప్రాంతంలోని డోడా జిల్లా భదర్వాలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ చేపట్టిన అరోమా మిషన్ కింద మొక్కలు అందుకున్న రైతులు మొక్కజొన్న చేలల్లో లావెండర్ వేసి తైలం, ఎండుపూలు అమ్ముతున్నారు.

బెంగళూరు బాల్కనీలో ఈ మొక్క బతకాలంటే నీరు నిలవకూడదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా ఇక్కడి చలి అసలు లావెండర్ బాగా పూయడానికి చాలదు. మే నుంచి అక్టోబరు దాకా పడే వానలకు వేరు కుళ్లుతుంది. ఆకు అంచులు రంపపు పళ్లలా ఉండే లావెండులా డెంటాటా రకం ఇక్కడి వాతావరణాన్ని కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది. మట్టికుండీ, ఇసుక బాగా కలిపిన మన్ను, పొద్దున్నుంచి ఎండ, వానకు చూరు ఉండాలి. మన్ను పైపొర ఆరాకే నీళ్లు పోయాలి.

వాడే తీరు సులభం. పడుకునే ముందు దూదిమీద ఒకటి రెండు చుక్కలు వేసి దిండు పక్కన ఉంచితే చాలు. డిఫ్యూజర్ అయితే అరగంట నడిపి ఆపేయాలి. ఒంటికి రాసేటప్పుడు 30 మిల్లీలీటర్ల కొబ్బరి లేదా నువ్వుల నూనెలో 12 చుక్కలకు మించి కలపకూడదు. ఎండుపూల కషాయానికి ఐరోపా ఔషధ సంస్థ చెప్పిన కొలత 150 మిల్లీలీటర్ల వేడినీటికి ఒకటి రెండు గ్రాములు. రోజూ అదే వేళకు, దీపం తగ్గించి, ఫోను పక్కన పెట్టి వాడితే ఆ వాసనే ఒంటికి నిద్రవేళను గుర్తుచేసే అలవాటుగా మారుతుంది.

సీసాలోని తైలాన్ని తాగకూడదు. పాతబడి గాలి తగిలిన తైలం చర్మానికి దురద, దద్దుర్లు తెస్తుంది. నల్ల సీసాలో, చల్లని చోట ఉంచాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుణ్ని అడిగాకే మొదలుపెట్టాలి. చిన్నపిల్లలకు అందనివ్వకూడదు. పిల్లులకు ఇది విషం.

వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి వైద్యులు మొదట సూచించేది ఆలోచననూ అలవాట్లనూ సరిదిద్దే సీబీటీ చికిత్స. గుండె దడ, ఊపిరాడని భయం, బతుకు మీద విరక్తి ఉన్నప్పుడు లావెండర్‌తో కాలం గడపకూడదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ముఖ్య కేంద్రంగా 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ రాత్రింబగళ్లు ఉచితంగా అందుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నంబరు 14416. అవసరం అనిపించిన రోజునే ఫోన్ చేయండి.